మూడు నెలలకే ఊపిరి కుదురుతుంది, కాళ్ళకి మాత్రం ఏడాది కావాలి

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మేము కాలిఫోర్నియాలో ఫోల్సమ్ దగ్గర ఉంటాం. ఈ వేసవిలో తొమ్మిదేళ్ళ అరేబియన్ ఆడగుర్రాన్ని కొన్నాను, ఇంతకుముందు ఉన్నవాళ్ళు దాన్ని వారానికోసారి ఊరికే అలా తిప్పేవాళ్ళంట. ఆగస్టు నుంచి ఆబర్న్ వైపు ట్రైల్స్ మీద తిప్పుతున్నా, మూడు నెలలకే భలే తయారైంది, పాతిక కిలోమీటర్లు పోయొచ్చినా ఇంకా పరిగెత్తుదామనే చూస్తుంది, ఆయాసం లేదు ఏం లేదు. బార్న్‌లో వాళ్ళంతా స్ప్రింగ్‌లో 50 మైళ్ళ ఎండ్యూరెన్స్ రైడ్‌కి (గుర్రం మీద దూరాలు పోయే పోటీ) పేరిచ్చెయ్ అంటున్నారు. ఎప్పటికైనా టెవిస్ (ఆబర్న్ దాకా పోయే 100 మైళ్ళ రైడ్) చెయ్యాలని నా ఆశ. ఇంకోటి, కొన్ని రోజులు చెవులు వెనక్కి పెట్టేసి జీను చూస్తేనే పళ్ళు చూపిస్తుంది, అడిగితే అందరూ ఆడగుర్రం అంటే అంతేలే అంటున్నారు. నిజమేనా? కాస్త వివరంగా చెప్పండి.
(ఒక పాఠకురాలు, ఫోల్సమ్)

జవాబు: బార్న్ వాళ్ళ మాట కొన్నాళ్ళు పక్కన పెట్టండి. పాతిక కిలోమీటర్లకి ఆయాసపడట్లేదంటే గుండె, ఊపిరితిత్తులు కుదిరాయని అర్థం, అరేబియన్‌కి అది తొందరగానే వస్తుంది, అందుకే కదా ఈ ఆటలో ముందు వరసంతా వాటిదే. చిక్కంతా అక్కడే ఉంది. గుండె, రక్తప్రసరణ కొన్ని వారాల్లోనే మెరుగుపడతాయి, కండరాలకి మూడు నుంచి ఆరు నెలలు కావాలి, టెండన్లూ (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళు), లిగమెంట్లూ (ఎముకని ఎముకకి కట్టేవి) గట్టిపడాలంటే ఆరు నెలల నుంచి ఏడాది, ఎముక అయితే ఏడాది పైమాటే. టెండన్‌కి రక్తం అందేదే తక్కువ, అందుకే అది అంత నిదానంగా మారుతుంది, మనం తొందరపడితే అది తొందరపడదు. అంటే ఇప్పుడు మీ గుర్రం ఉన్న దశ, అదే మూడో నెల నుంచి ఆరో నెల దాకా, అన్నిటికంటే రిస్కీ దశ అన్నమాట. గుర్రం పోదాం పోదాం అంటుంది, కాలు ఇంకా సిద్ధం కాలేదు. రైడ్స్‌లో నా దగ్గరికి కుంటుతూ వచ్చే కొత్త గుర్రాల్లో ఎక్కువ భాగం ఇవే, బద్ధకపు గుర్రాలు కాదు, ఉత్సాహం ఎక్కువైనవి.

కాబట్టి నేను చెప్పేది, స్ప్రింగ్‌లో 25 మైళ్ళ లిమిటెడ్ డిస్టెన్స్ ఒకటి నిదానంగా చెయ్యండి, బాగుంటే ఇంకొకటి, 50 మైళ్ళు వచ్చే శరదృతువుకి పెట్టుకోండి. లిమిటెడ్ డిస్టెన్స్‌లో ఒక మంచి రూల్ ఉంది, మీరు గీత దాటినప్పుడు కాదు, గుర్రం పల్స్ 60కి దిగినప్పుడే మీ టైమ్ ఆగుతుంది, కాబట్టి ఆఖర్లో పరిగెత్తించి లాభం లేదు. 50 మైళ్ళకి 12 గంటలిస్తారు, మధ్యలో వెట్ (గుర్రాల డాక్టర్) చెకప్‌లూ, హోల్డ్‌లూ (తప్పనిసరి విశ్రాంతి) అందులోనే. హోల్డ్‌లకి గంటన్నర తీసేసినా పదిన్నర గంటల్లో 80 కిలోమీటర్లు, అంటే గంటకి ఏడున్నర చిల్లర. గుర్రం మామూలు నడక గంటకి ఆరు దాకా ఉంటుంది, కొంచెం ట్రాట్ (నడకకీ పరుగుకీ మధ్య ఉండే దుముకు నడక) కలిపితే వచ్చేస్తుంది, ఎవరూ మిమ్మల్ని గాలిలో ఎగరమనట్లేదు. 1972లో పెట్టిన అమెరికన్ ఎండ్యూరెన్స్ సంఘం, అదే ఏఈఆర్‌సీ, దాని నినాదమే పూర్తి చెయ్యడమే గెలుపు అని.

వారం ఎలా నడపాలి అంటే, మూడు రోజులు ఎక్కండి, నాలుగో రోజు కావాలంటే చేత్తో పట్టుకుని నడిపించండి, మిగతా రోజులు పచ్చికలో వదిలెయ్యండి. ఒకటి పొడుగు రైడ్, అది వారానికోసారి చాలు, పది రోజులకోసారి అయినా నష్టం లేదు. ఒకటి కొండ ఎక్కేది, పొట్టిగా. ఒకటి చదునులో ట్రాట్. రూల్ ఒక్కటే గుర్తుంచుకోండి, దూరం పెంచిన వారం వేగం పెంచొద్దు, వేగం పెంచిన వారం కొండ పెంచొద్దు, పెంచాక రెండు వారాలు అక్కడే ఉండండి. చలికాలం వానలొచ్చి ట్రైల్ బురదైతే టెన్షన్ పడకండి, రెండు మూడు వారాలు రెస్ట్ ఇస్తే గుర్రం ఫిట్‌నెస్ మనిషికి పోయినంత తొందరగా పోదు, బురదలో జారి లిగమెంట్ లాక్కుంటే మాత్రం సీజనంతా పోతుంది. ట్రాట్‌లో మీరు పైకి లేచి కూర్చునే డయాగనల్ (ఏ మూల కాళ్ళ జంటతో లేస్తారో అది) కూడా మారుస్తూ ఉండండి, ఎప్పుడూ ఒకే వైపు లేస్తే గుర్రం ఒక పక్కే అరిగిపోతుంది.

మీ దగ్గర అమెరికన్ నది లోయలున్నాయి, ఎక్కడానికి అంతకంటే మంచి చోటు లేదు, కానీ లోయలోకి దిగేటప్పుడు దయచేసి గుర్రం దిగి నడవండి. దిగుడులో బరువంతా ముందు కాళ్ళ మీద పడుతుంది, చాలామంది ఎక్కేటప్పుడు జాలిపడి దిగుతారు, దిగేటప్పుడు హాయిగా కూర్చుంటారు, అది తిరగేసి చెయ్యాలి. ఎక్కేటప్పుడు తోక పట్టుకుని వెనకాలే నడిచే పద్ధతి కూడా ఉంది, టెయిలింగ్ అంటారు, రూల్స్ ఒప్పుకుంటాయి, కానీ ముందు ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేయించాలి, లేకపోతే మీ మేర్ (ఆడగుర్రం) మీకే తన్ను తగిలిస్తుంది. తన్నే అలవాటు ఉన్నదైతే రైడ్‌లో తోకకి ఎర్ర రిబ్బన్ కట్టండి, వెనకాల వాళ్ళు అర్థం చేసుకుని ఎడంగా ఉంటారు.

ఇప్పుడు పల్స్. వందల డాలర్ల మానిటర్ కొనేముందు మామూలు స్టెతస్కోప్ కొనుక్కోండి. ఎడమ మోచేయి వెనకాల, గర్త్ (జీను బిగించే పొట్ట పట్టీ) తగిలే చోటికి కొంచెం ముందు, లోపలికి దూర్చి పెట్టాలి. లబ్ అని ఒకటి డబ్ అని ఒకటి రెండు చప్పుళ్ళు వినిపిస్తాయి, రెండూ కలిపి ఒకటే లెక్క, కొత్తవాళ్ళు రెండు రెండుగా ఎంచేసి రెస్ట్‌లో 80 ఉందండీ అని హడలిపోయి ఫోన్ చేస్తుంటారు. 15 సెకన్లలో 16 వస్తే నిమిషానికి 64 అన్నమాట. ఊరికే నిల్చున్న గుర్రానికి 28 నుంచి 44 మధ్యలో ఉండాలి. మీ మేర్‌ది పొద్దున్నే దాణా పెట్టకముందు ఎంతుందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, అది ఏ రోజైనా కారణం లేకుండా పది పెరిగితే ఆ రోజు రైడ్ మానెయ్యాలి. ట్రైల్ మీద గట్టి కొండ ఎక్కాక ఆపి ఒకసారి, పది నిమిషాలకి ఇంకోసారి చూడండి, పది నిమిషాలయినా 60 పైనే ఉంటే ఆ రోజు మీరు ఎక్కువ చేయించినట్టే లేదా ఎక్కడో నొప్పి ఉన్నట్టే. రైడ్‌లో వెట్ పల్స్ ఎంచి, 125 అడుగులు ట్రాట్‌లో పోయి వెనక్కి రమ్మంటారు, ట్రాట్ మొదలైన నిమిషానికి మళ్ళీ ఎంచుతారు. రెండోది మొదటిదానికి సమానమో తక్కువో అయితే సరే, 60 ఉన్నది 68 అయిందంటే లోపల ఏదో ఉందని. ఇది ఇంట్లో చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఇంకో పని, ఇది మాత్రం ప్రతి రైడ్‌కీ చెయ్యాలి. రైడ్ మర్నాడు పొద్దున్నే, గుర్రం ఇంకా కదలకముందు, మోకాలి కింద నుంచి గిట్ట దాకా రెండు అరచేతులూ చుట్టి మెల్లగా కిందకి లాగండి. వెనకాల తాడులా తగిలేది టెండన్. నాలుగు కాళ్ళూ చల్లగా బిగువుగా ఉంటే సంతోషం. ఒక కాలు మిగతా మూడింటి కంటే కాస్త వెచ్చగా ఉన్నా, తాడు అంచు అరచేతికి స్పష్టంగా తెలియకుండా మెత్తగా ఉన్నా, కుంటకపోయినా సరే, ఆ వారం అంతా నడకే. కుంటడం మొదలయ్యేదాకా ఆగితే అది ఆరు నెలల నుంచి ఏడాది కథ అవుతుంది. జీను తీశాక వీపు మీద చెమట మరక కూడా చూడండి, అంతా తడిసి మధ్యలో ఒక చోట పొడిగా ఉంటే అక్కడ జీను నొక్కుతుండొచ్చు. ట్రైనింగ్‌లో గుర్రం వీపు ఆకారం మారుతుంది, ఆగస్టులో సరిపోయిన జీను మార్చికి సరిపోకపోవచ్చు.

అక్కడి నుంచి మీ రెండో ప్రశ్నకి వచ్చేస్తా. ఆడగుర్రం అంటే అంతేలే అనేది నాకు నచ్చని మాట, ఎందుకంటే అది అన్నాక ఇంకెవరూ జీను కింద చూడరు. ఎద వల్ల చిరాకు ఉండొచ్చు, లేదనను, దాదాపు 21 రోజులకోసారి ఎదకొస్తుంది, ఐదారు రోజులుంటుంది, కొన్నిటికి ఆ టైమ్‌లో నడుం దగ్గర ముట్టుకుంటే పడదు. కానీ అది క్యాలెండర్‌లో తెలిసిపోతుంది. చెవులు వెనక్కి పెట్టిన రోజులు రాసుకోండి, మూడు వారాల కొకసారి గుంపుగా పడితే ఎద, ఎలా పడితే అలా ఉంటే కాదు. ఇంకో తేలిక మార్గం, పగలు తక్కువ ఉండే డిసెంబర్, జనవరిలో చాలా మేర్లకి అసలు ఎదే రాదు, అప్పుడు కూడా పళ్ళు చూపిస్తోందంటే ఆ నేరం అండాశయాలది కాదు. నా అనుమానం ముందు జీను మీద, తర్వాత కడుపులో పుండ్ల మీద. గుర్రం తిన్నా తినకపోయినా కడుపులో యాసిడ్ ఊరుతూనే ఉంటుంది, ఖాళీ కడుపుతో ట్రాట్ చేయిస్తే అది పై భాగానికి చిమ్ముతుంది, అక్కడ రక్షణ పొర ఉండదు, దూరాలు పోయే గుర్రాల్లో ఈ పుండ్లు చాలా మామూలు. గర్త్ బిగించేటప్పుడు కొరకబోవడం దీనికి బాగా తెలిసిన లక్షణం. ఎక్కే ముందు అరగంట గడ్డి తిననివ్వండి, అందులో గుప్పెడు ఆల్ఫాల్ఫా (మన లూసర్న్ గడ్డి) ఉంటే ఇంకా మంచిది, రెండు వారాల్లో తేడా లేకపోతే మీ వెట్‌తో ఎండోస్కోపీ (గొట్టం కెమెరాతో కడుపులో చూడడం) గురించి మాట్లాడండి. ఎద ఆపే హార్మోన్ మందు ఎవరైనా చెప్తే, పోటీ రూల్స్ చూడకుండా పెట్టొద్దు, పైగా అది చర్మం లోంచి ఇంకుతుంది కాబట్టి ఆడవాళ్ళు చేతికి గ్లవ్స్ లేకుండా ఆ సీసా ముట్టుకోకూడదు.

టెవిస్ ఆశ పెట్టుకోండి, తప్పేం లేదు. 1955 నుంచి జరుగుతోంది, టాహో సరస్సు వైపు నుంచి ఆబర్న్ దాకా 100 మైళ్ళు, 24 గంటలు, మొదలుపెట్టిన వాటిలో చాలా ఏళ్ళు సగం దగ్గరే పూర్తి చేస్తాయి, లోయల్లో మధ్యాహ్నం ఎండ అలాంటిది. మీ మేర్‌కి తొమ్మిదేళ్ళే, దానికి పన్నెండో పదమూడో వచ్చినప్పుడు పోయినా ఏం మించిపోలేదు, ఆ వయసులో బాగా పరిగెత్తే అరేబియన్లు బోలెడు.

ప్రశ్న: సార్, మాది కరీంనగర్ దగ్గర పల్లె. మా మార్వాడీ మేర్‌ని 40 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్‌కి తయారు చేస్తున్నా. ఉలవలు ఉడకబెట్టి, తవుడు కలిపి దండిగా పెడుతున్నా, అయినా బక్కగా అవుతోంది, మధ్యమధ్యలో డల్‌గా ఉంటది. ఉలవలు పెంచమంటారా?
(ఒక పాఠకుడు)

జవాబు: గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు అని సామెత, మీ గుర్రం గుడ్డిది కాదు, దాణాకి తక్కువా లేదు, అయినా చిక్కుతోందంటే దాణా పెంచితే తగ్గే జబ్బు కాదు. ముందు రక్తపరీక్ష చేయించండి. మన దేశంలో జోరీగల వల్ల వచ్చే సర్రా అనే జబ్బుంది, రక్తంలో పరాన్నజీవి చేరుతుంది, జ్వరం వచ్చి పోయి వస్తుంటుంది, తిన్నా చిక్కిపోతుంది, చిగుళ్ళు పాలిపోతాయి, పొట్ట కిందా కాళ్ళలోనూ నీరు దిగుతుంది. వచ్చిపోయే జ్వరం కాబట్టి మీరు చూసిన రోజు ఉండకపోవచ్చు, పొద్దున సాయంత్రం థర్మామీటర్ పెట్టి వారం రోజులు రాయండి, 38.5 సెల్సియస్ దాటకూడదు. పశువుల డాక్టర్ గారికి ఆ కాగితం చూపించండి. అది తేలేదాకా ట్రైనింగ్ బంద్, ఇందులో బేరం లేదు. నట్టల మందు ఎప్పుడు వేశారో, పళ్ళు ఎప్పుడు అరగదీయించారో కూడా చెప్పండి, లోపల పళ్ళ అంచులు కోసుకుంటుంటే సగం దాణా నమలకుండానే పోతుంది, లద్దెలో గింజలు అలాగే కనపడతాయి.

జబ్బు లేదని తేలాక దాణా సంగతి. ఉలవల్లో మాంసకృత్తులు ఎక్కువ, బలమే, కాదనను, మన తాతల కాలం నుంచి పెడుతున్నదే, కానీ దూరం పోయే గుర్రానికి కావలసింది గడ్డి, తర్వాత కొవ్వు. మాంసకృత్తులు మరీ ఎక్కువైతే ఒంట్లో వేడి పెరుగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, ఎండలో రెండూ నష్టమే. ఒంటి బరువులో రోజుకి ఒకటిన్నర నుంచి రెండు శాతం మేత పడాలి, అంటే 350 కిలోల గుర్రానికి ఐదు నుంచి ఏడు కిలోల ఎండుగడ్డి, వరిగడ్డి ఒక్కటే అయితే చాలదు. పెద్దపేగులో ఉన్న ఆ గడ్డే నీళ్ళు పట్టుకుని ఉంటుంది, మధ్యదారిలో గుర్రం వాడుకునేది ఆ నీళ్ళే. తవుడు దండిగా అన్నారు చూడండి, అది తగ్గించండి, తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, నెలల తరబడి అదే పెడితే ఎముకల్లో కాల్షియం లాగేసుకుని మొహం ఎముక ఉబ్బుతుంది, కాళ్ళు కుంటుతాయి. రెండు మడులు లూసర్న్ వేసుకోండి, కాల్షియం లెక్క సరిపోతుంది. నూనె రోజుకి కొంచెం కొంచెంగా పెంచుతూ ఒక కప్పు దాకా పోవచ్చు, కానీ ఒక్కసారి పెంచితే విరేచనాలే. రెస్ట్ రోజున దాణా సగానికి కోసెయ్యండి, గడ్డి మాత్రం అంతే. రెస్ట్ రోజు ఫుల్ దాణా తిని మర్నాడు పనికొచ్చిన గుర్రానికి కండరాలు బిగుసుకుపోతాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది, అలా అయితే ఒక్క అడుగు కూడా నడిపించకుండా అక్కడే నిలబెట్టి డాక్టర్‌ని పిలవాలి.

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఉంటాం అండీ. మా మేర్ మార్చిలో ఈనింది, సెప్టెంబర్‌లో పిల్లకి పాలు మాన్పించాం. ఇంతకుముందు 50 మైళ్ళు చేసిన గుర్రమే, ఎప్పటి నుంచి మొదలుపెట్టొచ్చు?

జవాబు: పాలు పూర్తిగా ఇంకి పొదుగు మెత్తబడ్డాక, కొత్త గుర్రంలాగే సున్నా నుంచి. పాత ఫిట్‌నెస్ కొంచెం తొందరగా తిరిగొస్తుంది గానీ పదకొండు నెలలు మోసిన పొట్ట కండరాలు సాగి ఉంటాయి, వీపుకి ఆధారం అవే, కాబట్టి మొదటి రెండు నెలలు నడక, ఎత్తు పల్లాలు, నేల మీద కర్రలు పెట్టి దాటించడం చాలు. ఒళ్ళు ఎంతుందో చూసుకోండి. 1983లో మీ టెక్సస్ ఏ అండ్ ఎమ్ వాళ్ళు తయారు చేసిన 1 నుంచి 9 స్కోర్ (1 అంటే మరీ బక్క, 9 అంటే మరీ లావు) ఉంది కదా, 5 దగ్గర ఉంటే మంచిది, పక్కటెముకలు కంటికి కనపడకూడదు, చేతికి తగలాలి. సన్నగా ఉంటేనే వేగం అనుకోకండి, టెవిస్ గుర్రాల మీద చేసిన పరిశీలనలో మరీ బక్కవే ఎక్కువగా మధ్యలో ఆగిపోయాయి. మీ దగ్గర ఎండ కంటే తేమ బాధ, ఫారెన్‌హీట్ డిగ్రీలూ తేమ శాతమూ కూడితే 150 దాటిన రోజు చెమట సరిగ్గా ఆరదు, ఒళ్ళు తొందరగా చల్లబడదు, ఆ రోజు ట్రాట్ వద్దు. వచ్చాక చల్లటి నీళ్ళు ఒళ్ళంతా ఆపకుండా పొయ్యండి, వేడి కండరాల మీద చన్నీళ్ళు పోస్తే పట్టేస్తాయన్న భయం పాతకాలపుది, 1996 అట్లాంటా ఒలింపిక్స్ కోసం చేసిన పరిశోధనల్లోనే అది తేలిపోయింది.

ప్రశ్న: ఫీనిక్స్‌లో ఎండలో లాంగ్ రైడ్ అయ్యాక మా మేర్ పక్కడొక్క వెనక చర్మం టక్ టక్ అని కొట్టుకుంది, ఎక్కిళ్ళలా. గంట తర్వాత పోయింది. వదిలెయ్యొచ్చా?

జవాబు: వదలొద్దు. దాన్ని థంప్స్ అంటారు, చెమటలో ఉప్పులూ కాల్షియమూ పోయి, డయాఫ్రమ్‌కి (ఊపిరి ఆడించే పొర కండరానికి) పోయే నరం గుండె కొట్టుకున్నప్పుడల్లా తనూ అదురుతుంది, స్టెతస్కోప్ పెడితే ఆ టక్ టక్ గుండెతో పాటే పడుతుంది. పోటీలో అయితే వెట్ అక్కడే ఆపేస్తారు. గుర్రం చెమట మన చెమటలా పల్చన కాదు, రక్తం కంటే ఉప్పన, ఎండలో గంటకి 10 లీటర్లు పైనే పోగలదు, నీళ్ళతో పాటు ఉప్పు కూడా అంతగా పోయేసరికి దానికి దాహం వెయ్యాలన్న సంగతే తెలియదు, అందుకే సగం దూరం పోయినా బకెట్ వైపు చూడదు. రోజూ దాణాలో రెండు చెంచాల మామూలు ఉప్పు వెయ్యండి. రైడ్ రోజు సోడియం, పొటాషియం క్లోరైడ్ కలిసిన ఎలక్ట్రోలైట్ పేస్ట్ కొంచెం కొంచెంగా, అది కూడా నీళ్ళు తాగిన తర్వాతే, తాగని గుర్రానికి పేస్ట్ ఎక్కిస్తే ఒంట్లో ఉన్న నీళ్ళు కూడా పేగులోకి లాగేస్తుంది. పైన ఫోల్సమ్ ఆవిడకి గుప్పెడు ఆల్ఫాల్ఫా అన్నాను, గుప్పెడే. రోజూ మేతంతా అదే అయితే ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే అలవాటు ఒంటికి తప్పుతుంది, అవసరమైన రోజున అందదు, కాబట్టి మీరేం మేపుతున్నారో చూసుకుని, అదే అయితే రెండు మూడు వారాల్లో మెల్లగా మామూలు గడ్డికి మార్చండి. ఇంకోసారి టక్ టక్ కనిపిస్తే జీను తీసి నీడలో నిలబెట్టి వెట్‌కి ఫోన్ చెయ్యండి, కాల్షియం ఎక్కించాల్సి రావచ్చు, అది ఇంట్లో చేసే పని కాదు, తొందరగా ఎక్కిస్తే గుండె ఆగుతుంది.